గడిరాయి అవతల మా బండల ఇల్లు

ఆ ఇంటిని మారెమ్మే కట్టించుకుందని ఇప్పుడు ఊళ్ళో చెప్పుకుంటున్నారు. కలలోకి వచ్చిందట, కొండ కింద నాకు నీడ కావాలని అడిగిందట, ఊరంతా కలిసి బండలు మోసి నిలబెట్టారట. మొక్కు తీర్చుకోవడానికి బయటి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళకు మా పెద్దబావ మనవళ్ళు ఈ కథ చెప్తుంటే నేను పక్కనే అరుగు మీద కూర్చుని వింటుంటాను. చెప్పేటప్పుడు వాళ్ళు నా వైపు చూడరు. చూస్తే నేను నోరు తెరుస్తానని వాళ్ళకు తెలుసు.

కట్టింది మేమిద్దరం, నేనూ మా ఇంటాయనా. ఊరివాళ్ళలో ఒక్కడూ ఒక్క రాయి కూడా మోయలేదు. మోయకపోగా కూల్చడానికి గడ్డపారలతో వచ్చారు. ఆయన పోయి చాలా కాలమైంది. రేపు నేను కూడా పోతే ఆ కలే నిజమైపోతుంది. అందుకే రాస్తున్నాను. బడిలో నేను చదివింది కన్నడం, అదీ నాలుగో తరగతి దాకా. తెలుగు అక్షరాలు మా నాయన కళ్ళంలో పక్కన కూర్చోబెట్టుకుని దుమ్ములో దిద్దించాడు. ఆ దుమ్ములో చదువు ఇందుకైనా పనికి రావాలి.

నాది చింతామణి దగ్గరి పల్లె. పుట్టింట్లో బావి నీళ్ళు, చింతతోపు, పొద్దున లేస్తే పలకరించడానికి ఇంటి నిండా మనుషులు. యాభైల మొదట్లో బాగేపల్లి తాలూకాకు కోడలిగా వచ్చాను. అత్తగారిది కూడా పెద్ద సేద్యగాళ్ళ ఇల్లే, తరాలుగా ఆ ఊళ్ళో పాతుకుపోయినవాళ్ళు. అన్నదమ్ముల్లో మా ఆయన చివరివాడు. ఇంటికి పెద్దవాడైన మా పెద్దబావ ఊరికీ పెద్దే. జాతర ఎప్పుడు చేయాలి, తొలి నాగలి ఎప్పుడు కట్టాలి, ఎవరి తగవు ఎట్లా తీర్చాలి, అన్నీ ఆయన చెప్పినట్టే జరిగేవి. మా ఆయన సంగతి వేరు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మా అత్త ఎప్పుడన్నా ఆయన్ను చూసే అనేది.

ఒకనాడు కళ్ళంలో రాగులు తూర్పార పడుతుంటే అన్నదమ్ములకు మాట పెరిగింది. నా కూడు తిని నాకే ఎదురు చెప్తావా అని పెద్దబావ అన్నాడు, కూలివాళ్ళందరి ముందు. మా ఆయన చేతిలో ఉన్న చేటను కింద పెట్టేసి, ఇదీ నీదేలే అని చెప్పి, నేరుగా ఇంటికి వచ్చి నన్ను మూట కట్టుకోమన్నాడు. నేను ఏమైందని అడగలేదు. ఆ ముఖం చూస్తే అడగాలనిపించలేదు. మా వెంట వచ్చినవి నా పుట్టింటివాళ్ళు ఇచ్చిన కుండలు, ఒక గొడ్డలి, ఒక గొంగడి. చేట మాత్రం లేదు.

కొండ కింద బీడును సాగు చేసుకుంటామని దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళకు ఆ రోజుల్లో సర్కారు ఇచ్చేది. ఆయన బాగేపల్లి కచేరి చుట్టూ చెప్పులరిగేలా తిరిగి మొత్తానికి సాధించాడు. భూమి లెక్కలు రాసే శానుభోగుడు కొలత గొలుసు లాగించి హద్దులు చూపించి, పోతూ పోతూ నవ్వాడు. ఇక్కడ రాళ్ళు తప్ప ఏమీ పండవని అన్నాడు. అయితే రాళ్ళే పండిస్తామని మా ఆయన జవాబు. నిజంగానే మా మొదటి పంట రాళ్ళే.

రాళ్ళు ఒక ఎత్తు, ఆ భూమి ఉన్న చోటు ఒక ఎత్తు. ఊరి హద్దులో నడుమెత్తు రాయి ఒకటి పాతి ఉంటుంది, దాన్ని గడిరాయి అంటారు. ఊళ్ళో పిల్లలకు అమ్మవారు పోసినా, పశువులకు తెగులు తగిలినా మారెమ్మకు జాతర చేసేవాళ్ళు. చివరి రోజు పొద్దు గుంకే వేళకు ఆమెను ఊరు దాటిస్తారు. కొత్త చేటలో ఆమె మట్టిబొమ్మ, కుంకుమ కలిపిన అన్నం, వేపమండలు, గాజులు, రవికెగుడ్డ పెట్టి, కాళ్ళు కట్టేసిన కోడిపెట్టను తోడిచ్చి, తప్పెట్లతో తీసుకొచ్చి గడిరాయి అవతల దించుతారు. దించినవాళ్ళు వెనక్కి తిరిగి చూడకూడదు. చూస్తే ఆమె మళ్ళీ వెంట వస్తుంది. ఊరి రోగమంతా ఆ చేటతో పోయినట్టు లెక్క. ఎక్కడికి పోయినట్టని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. అవతలికి పోయింది, అంతే. మాకు సర్కారు ఇచ్చిన బీడు సరిగ్గా ఆ అవతలే ఉంది.

మనుషులు కాపురం ఉండే చోటు కాదది అని అత్త ఏడ్చింది. తగువుకు వచ్చేవాడు కూడా ఉండడు, అంతకంటే మంచి చోటు యాడ దొరుకుతుంది అన్నాడు ఆయన. నాకు భయం వేసింది. అయితే ఆ కళ్ళంలో మాట మళ్ళీ ఒకసారి పడటం కంటే మారెమ్మ నయమనుకున్నాను.

ఇల్లు కట్టడానికి మాకు దూలాలకు పనికొచ్చే కట్టె లేదు, ఇటుక లేదు, ఉన్నది బండ. ఈ సీమలో బండను మంటతో లేపుతారు. బందారు కంప, తుమ్మమొద్దులు బండ మీద వరసగా పేర్చి నిప్పు పెట్టి, ఆ మంటను కొద్దికొద్దిగా ముందుకు జరుపుకుంటూ పోవాలి. వేడికి పైపొర ఉబ్బి కింది బండ నుంచి విడిపోతుంది. సుత్తితో తట్టి వింటే విడిపోయిన చోట చప్పుడు బోలుగా వస్తుంది. అప్పుడు ఉలితో గాడి కొట్టి, కావలసిన కొలతకు పగలగొట్టుకోవాలి. చూసినంత తేలిక కాదు. మేము లేపిన మొదటి బండ ముక్కలు ముక్కలైంది. మంట ఒకచోట ఎక్కువసేపు నిలిపామని తరువాత తెలిసింది. నేను కంప కొట్టి మోసుకొస్తే ఆయన మంట చూసుకునేవాడు. సాయంత్రానికి ఇద్దరి ముఖాలూ బొగ్గు. ఒకరిని చూసి ఒకరం నవ్వుకోవడానికి అంతకంటే ఏమి కావాలి.

ఆ ముక్కల్లో కాస్త పొడుగువి ఏరి గోడలకు నిలువుగా పాతాం. ఆషాఢంలో ఆ కొండ సందులోంచి గాలి ఎట్లా వస్తుందో చూసి ఆయనకు గుబులు పుట్టింది. పడిపోతాయేమోనని కప్పును మోసే రాతి కూసాలను, గోడబండలను లోతుగా పాతాడు. మళ్ళీ అనుమానం వచ్చి ఇంకా లోతుగా పాతాడు. పైకప్పుకని తరువాత లేపిన పెద్ద బండలను ఎక్కించడానికి ఊళ్ళో ఎవరూ గడి దాటి రామన్నారు. మా అన్నలు చింతామణి నుంచి ఎద్దులు తోలుకొచ్చి, మట్టికట్ట పోసి, దుంగల మీద దొర్లించి ఆ బండలను పైకెక్కించారు. అన్నీ అయ్యాక చూస్తే లోపల నిలబడటానికి లేదు. కప్పు నా భుజాల దగ్గరికి వచ్చింది.

మా అన్నలు పడీ పడీ నవ్వారు. ఇది మనుషులకా, గొర్రెలకా అని అడిగారు. ఆయన తగ్గలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. కావాలనే కట్టానన్నాడు, నా ఇంటికి వచ్చేవాడు తాలూకాను ఏలే అమల్దారైనా తల వంచే రావాలన్నాడు. వాళ్ళు వెళ్ళిపోయాక మాత్రం ఒక మూలన కూర్చుని కప్పు వైపు చూస్తూ ఉండిపోయాడు. పైకప్పు మళ్ళీ దించే శక్తి మాకు లేదు. అందుకని ఇంటిని ఎత్తలేక నేలను దించాం. లోపల కూర్చుని గడ్డపారతో తవ్వుకుంటూ పోయి, తవ్విన మట్టిని కప్పు మీదే పోసి చదును చేశాం. నడుము నిలిపి నిలబడేంత లోతయ్యాక ఆపాం. వాననీళ్ళు లోపలికి రాకుండా గడప ఎత్తు చేశాం. దాంతో మొదలే పొట్టిగా ఉన్న వాకిలి ఇంకా పొట్టిదైంది. తల వంచాలి, నడుము వంచాలి, గడప మీద నుంచి కాలు లోపలికి దించాలి. నాకు అలవాటైపోయింది. కడుపుతో ఉన్నప్పుడు మాత్రం ఆయన్ను రోజూ తిట్టుకునేదాన్ని.

ఆ బీడులో బతుకు గురించి గొప్పలు చెప్పను. కొండ మీది దొనలో నీళ్ళు ఎండాకాలానికి అడుగంటేవి. చెనక్కాయ కాపుకొస్తే అడవిపందులు, సీతాఫలాలు పండితే ఎలుగుబంట్లు. ఒకసారి చిరుత మా మేకను కప్పు మీద నుంచే ఎత్తుకుపోయింది. రాగులు మొలిచిన మొదటి ఏడు మాత్రం ఆయన గట్టు మీద నిలబడి శానుభోగుడిని పేరు పెట్టి పిలిచి, చూసుకో, రాళ్ళు పండినాయి అని అరిచాడు. శానుభోగుడు బాగేపల్లిలో ఉన్నాడు, ఆయనకేం వినపడుతుంది. నేను విన్నాను, నాకు కడుపు నిండింది. ఆ రాగులను చెరగడానికి చేట లేక తాటాకు తట్టతో తిప్పలు పడ్డాను. సంతకు పోయినప్పుడల్లా ఉప్పో, నూనో, విత్తనాలో ముందుకొచ్చేవి, చేట వెనక్కి పోయేది.

మా పిల్ల పాకే వయసులో ఉన్నప్పుడు ఊరికి అమ్మవారు వచ్చింది. అంతకు కొద్దినాళ్ళ ముందు టీకాలు వేసే ఆయన సైకిలు మీద వచ్చాడు. ఊళ్ళో పిల్లలను గరిసెల్లో, అటకల మీద దాచేశారు, టీకా వేస్తే మారెమ్మకు కోపం వస్తుందని. ఆయన ఉత్త చేతులతో తిరిగిపోతూ దారిలో మా ఇంటికి నీళ్ళ కోసం వంగి వచ్చాడు. దాచిపెట్టమని నాకు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. చిన్నప్పుడు చింతామణిలో నాకు వేసిన టీకా మచ్చ నా చేతి మీద ఉంది కూడా. పిల్లకు వేయించాను. ఇదేదో నా తెలివని చెప్పడం లేదు. ఊళ్ళో ఉండుంటే నేనూ గరిసెలోనే దాచేదాన్ని.

జాతర చేశారు. చివరి రోజు సాయంత్రం తప్పెట్ల మోత దగ్గరికొచ్చింది. మేము వాకిట్లో నిలబడి చూశాం. పెద్దబావే ముందు నడిచాడు. గడిరాయి దాటి, మా వాకిలికి కేకవేటు దూరంలో చేట దించి, అందరూ వెనక్కి చూడకుండా పరుగులాంటి నడకతో వెళ్ళిపోయారు. మేము అక్కడ ఉన్నామని వాళ్ళకు తెలుసు. పిల్ల ఏడుపు వాళ్ళకు వినపడింది. అయినా అక్కడే దించారు. వాళ్ళ పిల్లల రోగాన్ని నా పిల్ల ముందు పెట్టి పోయారన్నమాట. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు, పోవాలని నేను అనుకోవడమూ లేదు.

మా అత్త మనిషి చేత కబురు పంపింది, పిల్లనెత్తుకుని పుట్టింటికి వెళ్ళిపొమ్మని. మొండివాడే అయినా ఆయన కూడా మెత్తబడ్డాడు.

“పోదామా చింతామణికి? పిల్ల ఉండాది గదా,” అన్నాడు.

“ఇప్పుడు పోతే మళ్ళా రానిస్తారా? ఈ నేల మీద నడుములిరగ్గొట్టుకునింది ఎవురు? నేను రాను,” అన్నాను.

తెల్లవారి నేనే ఆ చేట దగ్గరికి వెళ్ళాను. భయపడుతూనే వెళ్ళాను, అబద్ధమెందుకు. కోడిపెట్ట కాళ్ళకు తాడుతో పడి ఉంది, కన్ను తెరిచి నన్ను చూసింది. చేట కొత్త వెదురుది, అల్లిక బిగువుగా ఉంది. అందులో ఆ మట్టిబొమ్మ ఒక పక్కకు ఒరిగిపోయి, ముఖాన మంచు పడి, ఇల్లు లేనిదానిలా ఉంది. ఆమెను చూసి నాకు భయం పోయింది. జాలి వేసింది. చెప్పుకుంటే ఎవరైనా నవ్వుతారు గానీ, నాకు ఆ రోజు మారెమ్మ మీద జాలి వేసింది.

“నిన్ను గూడా ఎల్లగొట్టినారు గదమ్మా,” అన్నాను. “నాకు చాట లేదు, నీకు నీడ లేదు. ఈడనే ఉండు.”

బొమ్మను తెచ్చి వాకిలికి ఎదురుగా ఉన్న గోడబండ కింద, మంట మీద వంకరగా పగిలిన చోట, కూర్చోబెట్టాను. కోడి కాళ్ళు విప్పి వదిలాను. గాజులు తొడుక్కున్నాను. చేటకు మెంతుల ముద్ద, పేడ కలిపి పూసి, ఎండబెట్టి, మరునాడు రాగులు చెరిగాను. చెరిగిన రాగుల్లో ఒక గుప్పెడు ఆయన తీసుకుని ఊది చూసుకున్నాడు.

టీకా వేసిన నా పిల్లకు ఏమీ కాలేదు, ఊళ్ళో మాత్రం అమ్మవారు తగ్గలేదు. జాతర తరువాతే పిల్లలు ఎక్కువ పోయారు. పెద్దబావ చివరి కొడుకు కూడా పోయాడు. ఆ పిల్లవాడిని నేను కొత్త కోడలిగా ఉన్నప్పుడు నా నడుమున ఎత్తుకుని తిప్పాను. చూడటానికి పోతే గడిరాయి దగ్గరే ఆపేశారు. అప్పటికే ఊళ్ళో మాట పుట్టింది. దించిన చేటను ఎవరూ ముట్టకూడదట, అది వానకు నాని, ఎండకు ఎండి మట్టిలో కలవాలట. నేను ఇంట్లోకి తెచ్చుకున్నాను గనుక మారెమ్మ ముందుకు పోకుండా మా ఇంట్లోనే తిష్ఠ వేసి రోజూ ఊళ్ళోకి వెళ్ళొస్తోందట. అది విన్నాక నిజమేనేమో, నా వల్లనేనేమో అని ఆ పిల్లవాడి ముఖం గుర్తొచ్చి ఏడ్చాను. ఏడుపు అయ్యాక ఆలోచించాను. గెంటేసినవాళ్ళది తప్పు కాదట, చేరదీసినదానిది తప్పట. ఇదెక్కడి న్యాయం అనుకున్నాను.

మా ఆయన విత్తనాల కోసం చిక్కబళ్ళాపురం పోయిన రోజు చూసుకుని వాళ్ళు వచ్చారు. పొద్దెక్కింది. గడ్డపారలు రాళ్ళకు తగులుతున్న చప్పుడు విని నేను పిల్లనెత్తుకుని లోపలికి దిగిపోయాను. వాకిట్లో కాళ్ళే కనపడుతున్నాయి నాకు, నేల లోతులో ఉన్నాను గనుక. పెద్దబావ కాళ్ళు గుర్తుపట్టాను. కొడుకు పోయినప్పటి నుంచి ఆయన చెప్పులు వేసుకోవడం లేదని విన్నాను.

“పిల్లనెత్తుకొని బయటికి రామ్మా,” అన్నాడాయన. “ఇల్లు తీసేస్తాండాము.”

అంతవరకు నేను ఆయనతో ఎదురుగా మాట్లాడి ఎరుగను. తమ్ముడి భార్య బావ ముందుకు రాదు, బావ ఆమెను తాకడు. మా ఇళ్ళలో అది కట్టుబాటు. ఆ రోజు మాట్లాడాను.

“నేను రాను బావా. కూల్చాల్నంటే లోపలికొచ్చి నన్ను చెయ్యి పట్టుకొని లాగండి.”

లోపలికి రావాలంటే తల వంచాలి. తల వంచితే ఎదురుగా ఆమె. మారెమ్మకు తల వంచినవాడు ఆమె నీడను ఎట్లా కూలుస్తాడు? వంచకుండా రావడానికి ఆ వాకిలిలో చోటు లేదు. మా ఆయన చేసిన పొరపాటు, పాతకూడనంత లోతుగా పాతిన ఆ కూసాలు, ఆ పూట నాకూ వాళ్ళకూ మధ్య నిలబడ్డాయి. ఎవడో కుర్రవాడు కప్పు మీదికి ఎక్కబోయాడు. ఆమె నెత్తిన కాలు పెడతావా అని ఇంకొకడు వాడిని కిందికి లాగాడు. పెద్దబావ కొంచెం ముందుకొచ్చాడు. వంగాడు. ఆయన ముఖం ఒక్క క్షణం వాకిలిలో కనపడింది, నన్ను కాదు, నా వెనక బొమ్మను చూశాడు. తరువాత మెల్లగా వెనక్కి లేచి వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళూ వెళ్ళిపోయారు. నేను గెలిచానని అప్పుడు అనిపించలేదు. ఆ ముఖం చూస్తే ఎవరికీ గెలిచినట్టు అనిపించదు. పిల్లను ఒళ్ళో పెట్టుకుని పొయ్యి రాజేశాను.

మరునాడు మా అత్త వచ్చింది. ముసలి నడుము, వంగడం ఆమెకు కష్టం కాలేదు. గడప మీద కూర్చుని కాళ్ళు లోపలికి వేసుకుని దిగింది. తెచ్చిన రాగిపిండి నా ముందు పెట్టి, బొమ్మకు మొక్కి, పిల్లను ఒళ్ళోకి తీసుకుంది. కొడుకు కట్టిన ఇంటిని చుట్టూ చూసి, వీడికి చిన్నప్పుడూ కొలతలు రావు అంది. నేను ఆ మాట ఆయనకు చెప్పలేదు.

ఆ తరువాత ఏ జాతర జరిగినా చేట గడిరాయి అవతలికే వచ్చేది, తెల్లవారి నేను తెచ్చుకునేదాన్ని. పాతది అరిగిపోతే గోడకు తగిలించి కొత్తది వాడుకునేదాన్ని. మా చుట్టూ ఇంకొందరు దరఖాస్తు పెట్టుకుని బీడు దున్నారు. అమ్మవారు పోసిందనగానే ఊరి ఆడవాళ్ళు మగవాళ్ళకు చెప్పకుండా మా ఇంటికి వేపాకు, పెరుగన్నం తెచ్చేవాళ్ళు. ముందు దొంగచాటుగా, తరువాత పట్టపగలే.

అరవైలలో బావి తవ్వి, నీళ్ళు పడ్డాక పక్కనే పెంకుటిల్లు వేసుకున్నాం. నిటారుగా నడుస్తూ లోపలికి పోయే ఇల్లు. మొదటి రోజు అలవాటు కొద్దీ వంగే లోపలికి పోయాను. అప్పుడు మా ఆయన బండల ఇంటిని విప్పి ఆ బండలు బావికి మెట్లుగా వేద్దామన్నాడు. రాళ్ళు రాళ్ళే గదా అన్నాడు.

“కట్టేటప్పుడు ఇద్దరము. విప్పేటప్పుడు నువ్వొక్కడివేనా?” అని అడిగాను.

ఆయన బావి మెట్లకు వేరే బండ లేపాడు, ఈసారి ముక్కలు కాలేదు. పాత ఇంట్లో పొయ్యి మాత్రం నేను ఆర్పలేదు. పండుగ పబ్బాలకు అక్కడే సంగటి వండేదాన్ని. కప్పు మీద మట్టి కారిపోతే మళ్ళీ పోసేవాళ్ళం. ఇల్లు నిలబడేది మనుషులు దాన్ని నిలబెడితేనే.

అరవైల చివర్లో అనంతపురం వైపు కరువుకు తట్టుకోలేక బండ కొట్టేవాళ్ళు కొన్ని కుటుంబాలుగా వచ్చి మా భూమికి అవతల, కొండ అంచున కంప గుడిసెలు వేసుకున్నారు. ఆ ఏడే ఊరి పెద్దలు పెద్దబావను ముందు పెట్టుకుని మా పెంకుటింటి అరుగు మీదికి వచ్చారు. ఆయన జుట్టు నెరిసిపోయింది. వచ్చిన పని మంచి పనే అన్నట్టు చెప్పారు. బండల ఇంటిని గుడి చేస్తారట. వాకిలి ఎత్తు పెంచి, సున్నం కొట్టి, మనిషి నిలబడి లోపలికి పోయేట్టు చేస్తారట. మీరూ ఊళ్ళోవాళ్ళే గనుక గడిరాయిని పెకలించి కొండ అంచుకు జరుపుతారట. మా ఆయన అంతా విని, అడగాల్సింది నన్ను కాదు, ఆమెను అని చేయి నా వైపు చూపించాడు.

“రాయి జరిపితే చాట యాడ దించుతారు?” అని అడిగాను.

అవతల దించుతామని ఒకడు మెల్లగా అన్నాడు. మా అరుగు మీద నుంచి చూస్తే ఆ కంప గుడిసెల పొగ కనపడుతోంది. పొద్దునే వాళ్ళ ఆడమనిషి ఒకతె చంకలో పిల్లతో మా బావికి నీళ్ళకు వచ్చి పోయింది. చేట లేదని, ఉంటే ఒకటి ఇమ్మని అడిగింది. ఆ సంగతి నేను వాళ్ళకు చెప్పలేదు. చెప్పినా అర్థమయ్యేది కాదు.

“అవతల అనేది లేదప్పా,” అన్నాను. “ఆడ పొయిలు మండుతాండాయి, మీకు కనపడలేదా? చాట నా ఇంటికే రావల్ల, లోపలికి తెచ్చి నా చేతికే ఇయ్యల్ల. కాదని రాయి జరిపితే ఆమెను చాటలో పెట్టుకొని నేనే తీసుకొచ్చి మీ వాకిండ్ల ముందర దించుతా. ఎనక్కి తిరిగి చూడకుండా వస్తా.”

వాకిలి ఎత్తు కూడా పెంచనివ్వనన్నాను. నా మొగుడు కావాలనే కట్టినాడన్నాను. మా ఆయన దగ్గు వచ్చినట్టు కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఊరివాళ్ళు గొణుక్కున్నారు. ఆడదాని నోరని ఒకడు, ఇదేం ఆచారమని ఒకడు. పెద్దబావ మాత్రం లేచి, ఆమె చెప్పినట్టే కానీండి అని నడిచిపోయాడు.

ఆ ఏటి జాతర సాయంత్రం తప్పెట్లు గడిరాయి దగ్గర ఆగలేదు. దాటి మా వాకిలికి వచ్చాయి. నేనూ మా ఆయనా లోపల, దించిన నేల మీద నిలబడి ఉన్నాం. పెద్దబావ నెత్తిన చేట ఉంది. నెత్తిన చేటతో ఆ వాకిలి పట్టదు. చేతుల్లోకి దించుకున్నాడు. తల వంచాడు, నడుము వంచాడు, గడప మీద నుంచి కాలు తడుముకుంటూ లోపలికి దిగాడు. లోపల నిలబడ్డాక ఎదురుగా ఉన్నది తమ్ముడు. కళ్ళంలో ఆ మాట తరువాత ఇద్దరూ అంత దగ్గరగా నిలబడటం అదే మొదలు.

“తీసుకోరా,” అన్నాడు చేట చాచి.

మా ఆయన చేతులు లేవలేదు. నా వైపు చూశాడు. నేను అందుకున్నాను. బయట ఎవరూ పారిపోలేదు, అందరూ వంగి వంగి లోపలికి తొంగి చూస్తున్నారు. మరునాడు అంతకుముందటి చేటను ఆ బండ కొట్టేవాళ్ళ ఆడమనిషికి ఇచ్చాను.

గడిరాయి ఇప్పటికీ అక్కడే ఉంది, చుట్టూ ఇళ్ళు వచ్చేశాయి. కొండ అంచున కూడా ఊరే. వాకిలి పగలగొట్టి సిమెంటు వేయిస్తామని మా బావ మనవళ్ళు ఏడాదికొకసారి అడుగుతారు, నేను బతికుండగా కాదంటాను. వచ్చినవాళ్ళ నెత్తికి పైబండ తగులుతుంది, తగలనీ. దేవి కట్టించుకుందని చెప్పుకునేవాళ్ళు చెప్పుకోవచ్చు. లోపలికి దిగి గోడలు చూడమనండి. వరసగా పాత చేటలు వేలాడుతుంటాయి, మెంతులు, పేడ పూసి వాడి వాడి అరిగినవి. వాటిలో రాగులు చెరిగింది నేను. ఊళ్ళో ప్రతి ఇంటికీ సంతలో చేట కొంటారు. మా ఇంట్లో మాత్రం ఇంతవరకు చేట కొన్నది లేదు.